రోహిణి ఎండల్లో ఇనుప కూలర్: ఎక్కడిదాకా పనికొస్తుంది, ఎప్పుడు ఆపాలి

కూలర్ మంచిదో కాదో మార్చిలో తేలదు. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె మొదలయ్యాక తేలుతుంది. అప్పటికి ఇంట్లో మనుషులు ఎంత డస్సిపోయి ఉంటారో, కూలర్‌లోని గడ్డీ అంతే డస్సిపోయి ఉంటుంది. ఆ రోజుల్లో లోకల్ ఇనుప కూలర్ ఎలా నడుస్తుందన్నదే ఇక్కడ చూస్తున్నాం. అంటే కంపెనీ ప్లాస్టిక్ కూలర్ కాదు. జీఐ రేకు (జింకు పూత వేసిన ఇనుప రేకు) డబ్బా, మూడు వైపులా గడ్డి తలుపులు, 18 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను, అడుగున నీళ్ల పంపు ఉండి, మన ఊళ్లలో వెల్డింగ్ షాపులవాళ్లే చేసి అమ్మేది.

తీర్పు ముందే చెప్పేస్తాం. నిజామాబాద్, రామగుండం, కర్నూలు లాంటి పొడి ఎండ ఊళ్లలో ఈ డబ్బుకు ఇంతకన్నా మంచి సరుకు దొరకదు. కాకినాడ, విశాఖ వైపు ఉన్నవాళ్లు మే నెలాఖరులో కొంటే మాత్రం దండగే.

కారణం గాలిలో తేమ. కూలర్ చల్లదనం తయారు చేయదు, నీళ్లను ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరి కావడానికి కావలసిన వేడిని గాలిలోంచే లాక్కుంటుంది. మధ్యాహ్నం 44 డిగ్రీలు, తేమ 20 శాతం ఉందనుకుందాం. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు అప్పుడు 25 దగ్గర చూపిస్తుంది. అంతకంటే కిందికి ఏ కూలరూ దించలేదు. గడ్డి బాగా తడిసి ఉంటే ఆ తేడాలో ముప్పావు వంతు రాబట్టవచ్చు, అంటే ఫ్యాను ముందు సుమారు 30 డిగ్రీల గాలి వస్తుంది. బయట వడగాడ్పు కొడుతుంటే ఇది ప్రాణం లేచొచ్చే గాలే. ఇక జూన్‌లో మబ్బు పట్టి 36 డిగ్రీలు, తేమ 60 శాతం అయిందంటే అదే థర్మామీటరు 29 చూపిస్తుంది. కూలర్ ఇవ్వగలిగేది 31. ఎండ తగ్గింది కదా, కూలర్ ఇంకా బాగా పనిచేయాలి కదా అని చాలామంది రెగ్యులేటర్ పెంచి చూస్తారు, కొత్త గడ్డి కొంటారు. తప్పు కూలర్‌ది కాదు. ఆ రోజు గాలి నీళ్లు తాగే స్థితిలో లేదు.

అందుకే మధ్యాహ్నం మూడింటికి ఫోన్లో తేమ శాతం చూసుకోవడం మంచిది. 50 దాటిందంటే పంపు స్విచ్ ఆపేసి ఫ్యాను ఒక్కటే నడపండి. లేకపోతే అర్ధరాత్రికి దిండు గలీబులు తడితడిగా, బీరువా తలుపులు బిగుసుకుపోయి ఉంటాయి.

టబ్బులో ఐసు వేయడం గురించి ఒక మాట. కిలో ఐసు కరిగేటప్పుడు లాక్కునే వేడి కంటే లీటరు నీళ్లు ఆవిరయ్యేటప్పుడు లాక్కునే వేడి దాదాపు ఏడు రెట్లు ఎక్కువ. ఆ ఐసును మజ్జిగలో వేసుకోవడమే తెలివైన పని.

ఇప్పుడు గడ్డి సంగతి. ఇనుప కూలర్‌కు చివరి నెలలో వచ్చే జబ్బుల్లో చాలావరకు ఇక్కడే ఉంటాయి. తడిసి తడిసి గడ్డి కిందికి జారుతుంది. తలుపు తీసి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే పై అంచున రెండు మూడు అంగుళాల మేర జాలీ ఖాళీగా కనిపిస్తుంది. ఫ్యాను లాగే గాలి అడ్డు లేని దారినే వెతుక్కుంటుంది కాబట్టి, ఆ సందులోంచి వేడిగాలి నేరుగా గదిలోకి వస్తుంది. కొత్త గడ్డి కొనక్కర్లేదు. తలుపు విప్పి, గడ్డిని పైకి సర్ది, మధ్యలో రెండు చోట్ల నైలాన్ దారంతో జాలీకి కడితే సీజన్ చివరిదాకా వస్తుంది. పట్టుకోగానే పొడిగా రాలుతున్నా, సున్నం పట్టి కరకరలాడుతున్నా మాత్రం మార్చేయాల్సిందే.

రెండో జబ్బు నీళ్లు పారే పై గొట్టంలో వస్తుంది. బోరు నీళ్ల ఉప్పు ఆ చిన్న రంధ్రాల దగ్గర పేరుకుని ఒకటీ రెండూ మూసుకుపోతాయి. వెనక నుంచి తలుపు మీద అరచేయి పెట్టి అడ్డంగా జరుపుతూ పోతే, ఎక్కడ పొడిగా, వెచ్చగా తగిలిందో దాని పైనున్న రంధ్రమే మూసుకుందని అర్థం. సూదితో పొడిస్తే చాలు. నీళ్లు ఆవిరైపోయినా ఉప్పు టబ్బులోనే మిగిలిపోతుంది. రోజూ పైనుంచి నింపుతూ పోతే నీళ్లు రోజురోజుకీ చిక్కబడతాయి. మూడు రోజులకోసారి మొత్తం వదిలేసి కొత్త నీళ్లు పట్టండి. పొడి ఎండలో పెద్ద కూలర్ గంటకు పది లీటర్ల పైనే తాగుతుంది కాబట్టి, 80 లీటర్ల టబ్బు రాత్రి మొత్తానికి సరిపోదు. నీళ్లు తగ్గగానే వాటంతటవే నిండేలా ఫ్లోట్ పెట్టించుకోకపోతే తెల్లవారుజామున పంపు ఎండి కాలిపోతుంది. పంపు నోటికి పాత దోమతెర ముక్క చుట్టండి, గడ్డి పోచలు ఇరుక్కోవు.

ఫ్యాను మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతుంటే ముందు ఫ్యాను మోటారు కండెన్సర్ (కెపాసిటర్) మార్చి చూడాలి. పాతదాని మీద ఎంత విలువ రాసి ఉందో అదే తేవాలి. పెద్దది వేస్తే వేగం పెరుగుతుందని షాపువాళ్లు చెప్పినా వినకండి, మోటారు వేడెక్కి లోపలి తీగచుట్ట కాలిపోతుంది.

కరెంటు విషయంలో ఈ కూలర్‌ను తక్కువ అంచనా వేయకూడదు. ఇనుప డబ్బా, అందులో నీళ్లు, నీళ్లలో మునిగిన పంపు. పంపు సీలు పాడైతే కరెంటు నేరుగా రేకులోకి వస్తుంది. ప్రతి వేసవిలోనూ కూలర్ షాక్‌తో మనుషులు పోయిన వార్తలు చదువుతూనే ఉంటాం. చాలా షాపులు రెండు పిన్నుల ప్లగ్గు పెట్టి పంపేస్తాయి, ఈ సరుకులో మాకు అస్సలు నచ్చనిది అదే. కొన్న రోజే మూడు పిన్నులది వేయించి, ఎర్తు తీగను డబ్బాకు బోల్టుతో బిగించాలి, ఇంటి ఎర్తు పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, అంటే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ ఉంటే ఇంకా మేలు. నీళ్లు పట్టేటప్పుడు స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గే తీసేయాలి.

ఇక కూలర్ పెట్టే చోటు. వీపు కిటికీ బయటికి, ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి. తలుపులన్నీ మూసి గది మధ్యలో పెడితే వదిలిన తేమనే మళ్లీ పీల్చుకుని గంటలోనే ఉక్కపోత తెస్తుంది. బ్రాండెడ్ కూలర్లలో గడ్డికి బదులు వాడే, తేనెపట్టు గళ్లలా ఉండే హనీకోంబ్ ప్యాడ్లు ఎక్కువ కాలం మన్నుతాయి, జారవు. ఇనుప కూలర్‌కు కూడా వాటిని కోయించి బిగించుకోవచ్చు గానీ, ఉప్పు నీళ్ల ఊళ్లలో రెండో ఏడాదికే ఉప్పు పేరుకుని గళ్లు మూసుకుపోతాయి. అలాంటిచోట ఏటా మార్చేసే చవక గడ్డే నయం.

జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది. ఆ రోజు చేపల మార్కెట్లో తొక్కిసలాట ఎంతున్నా, వాన మాత్రం కార్తె చూసుకుని రాదు. తొలకరి జల్లు పడి మళ్లీ నాలుగైదు రోజులు ఎండ కాయడం మామూలే. అందుకని మొదటి వానకే కూలర్ విప్పేయకండి. అయితే నీళ్లు నిలవ ఉంచి ఊరుకోకూడదు. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ఆ గుడ్లు టబ్బు గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. నీళ్లు పారబోస్తే పోవు, నీటి మట్టం దగ్గర గీతను బ్రష్షుతో గట్టిగా రుద్దాలి.

వానలు నిలదొక్కుకున్నాక గడ్డి పారేసి, పంపు తీసి మంచినీళ్లలో ఐదు నిమిషాలు నడిపి ఆరబెట్టండి. టబ్బు మూలల్లో తుప్పు గీకి రెడాక్సైడ్ (తుప్పు ఆపే ఎర్ర ప్రైమరు) వేసి, అది ఆరాక పైన మామూలు పెయింటు వేయాలి. అడుగున రెండు ఇటుకలు పెట్టి, పాత దుప్పటి కప్పండి. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ నిలిచి వచ్చే ఉగాదికి అడుగు రేకు చిల్లులు పడుతుంది.