అల్ట్రాసోనిక్ దోమల యంత్రం కొనబోయేవారికి జాగ్రత్త హెచ్చరిక

ప్లగ్గులో పెడితే చాలు, మనిషి చెవికి వినపడని శబ్దంతో దోమలను, బొద్దింకలను, ఎలుకలను ఒకేసారి తరిమేస్తుందని ప్రచారం చేస్తున్న అల్ట్రాసోనిక్ యంత్రాన్ని ఆన్‌లైన్‌లో కొని వాడాను కనుక, అదే కొనాలనుకుంటున్నవారికి ఈ సంగతి తెలియజేస్తున్నాను. పడకగదిలో రాత్రంతా దాని దీపం వెలుగుతూనే ఉంది. తెల్లవారి చూస్తే, రక్తం తాగి పొట్ట ఎర్రగా ఉబ్బిన దోమ ఒకటి సరిగ్గా ఆ యంత్రం మీదే వాలి ఉంది. ఫొటో పంపితే, ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని మొదట, పెట్టె తెరిచారు కనుక డబ్బు వాపసు కుదరదని తరువాత అమ్మకందారు జవాబిచ్చారు. పరీక్ష నివేదిక ఉంటే చూపమన్నదానికి మాత్రం ఇప్పటికీ సమాధానం లేదు.

అలాంటి నివేదిక ఉంటుందని నేను అనుకోను. 10 క్షేత్ర పరిశోధనలను పరిశీలించి 2007లో వెలువడిన కాక్రేన్ (వైద్య పరిశోధనలను క్రోడీకరించే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష, ఇటువంటి ఎలక్ట్రానిక్ పరికరాలు దోమకాటును తగ్గిస్తాయనడానికి ఆధారమేదీ లేదని తేల్చింది. అంతకుముందే, 2001లో, రుజువు లేని ప్రకటనలు చేయరాదని వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ తరహా యంత్రాల తయారీదారులకు, అమ్మకందారులకు హెచ్చరిక లేఖలు పంపింది. మగదోమ రెక్కల చప్పుడును అనుకరించి ఆడదోమను బెదరగొడుతుందని కూడా నేను కొన్న పెట్టె మీద రాసి ఉంది. ఆ చప్పుడు ఉండేది కొన్ని వందల హెర్ట్‌జ్‌లలో. అతిధ్వని (అల్ట్రాసోనిక్ శబ్దం) మొదలయ్యేదే 20,000 హెర్ట్‌జ్‌ల పైన. ఈ రెండు మాటలనూ పక్కపక్కనే అచ్చు వేసినవారి ధైర్యాన్ని మెచ్చుకోవలసిందే.

డబ్బు పోవడం అటుంచితే, యంత్రం ఉంది కదా అని దోమతెర మడిచి అటక మీద పెట్టేయడం ప్రమాదకరం, ఎందుకంటే మలేరియా పరాన్నజీవిని మోసే అనాఫిలిస్ ఆడదోమ ఎక్కువగా చీకటిపడ్డాక, మనం ఒళ్లెరగక నిద్రపోయే వేళల్లోనే కుడుతుంది. డెంగీని మోసే ఏడిస్ పగటిపూట కుడుతుంది. దాని గుడ్లు నీరు ఎండిపోయినా నెలల తరబడి బతికి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. కనుక పూలకుండీల కింది పళ్లేలలో, ఫ్రిజ్ వెనుక ట్రేలో నీటిని పారబోయడంతో సరిపెట్టక, గుడ్లు అంటుకునే లోపలి అంచులను గట్టిగా రుద్ది కడగాలి.

అదే డబ్బుతో మందు పట్టించిన దోమతెర గానీ, దోమలను దూరంగా ఉంచే రసాయనాలైన డీట్ లేదా పికారిడిన్ శాతం స్పష్టంగా ముద్రించిన లేపనం గానీ కొనుక్కోవచ్చు. ఇప్పటికే ఈ యంత్రాన్ని నమ్ముకొని దోమకాట్లకు గురైనవారు, మలేరియా ఉన్న ప్రాంతంలో ఉంటే, ఆ తరువాతి వారాలలో చలితో జ్వరం వస్తే సొంతంగా మాత్రలు మింగి ఊరుకోకుండా వెంటనే రక్తపరీక్ష చేయించుకోవాలి.