అప్రెంటిస్‌షిప్పా, కాంట్రాక్టు పనా?

విశాఖలో ఐటీఐ ఫిట్టర్, వెల్డర్ పాసైనవాళ్లకు ముందుగా ఎదురయ్యేవి ఈ రెండే. గాజువాక వైపు కాంట్రాక్టు పని త్వరగా దొరుకుతుంది, జీతమూ అప్రెంటిస్‌షిప్‌లో ఇచ్చే స్టైపెండ్ కంటే ఎక్కువే. చేరేముందు పీఎఫ్ యూఏఎన్ నంబరు (పీఎఫ్ సభ్యుడి గుర్తింపు సంఖ్య), ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) అడగండి. జీతంలో కోత పడుతున్న పీఎఫ్ సొమ్ము ఖాతాలో జమవుతోందో లేదో నెలనెలా పాస్‌బుక్‌లో చూసుకోవాలి.

నేవల్ డాక్‌యార్డ్ వంటి చోట అప్రెంటిస్‌షిప్‌లో పీఎఫ్ ఉండదు, ఉద్యోగ హామీ కూడా లేదు. కానీ చివరి పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. రైల్వే లెవెల్-1 (ప్రారంభ స్థాయి) నియామకాల్లో 20 శాతం కేటాయింపు ఉంది కానీ, అది రైల్వే సంస్థల్లోనే అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసినవాళ్లకు. దరఖాస్తులు ఎక్కువగా తేడాపడేది పేరు దగ్గరే: పదో తరగతి మెమో, ఆధార్, ఐటీఐ సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒకేలా ఉండాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు లేకపోతే స్టైపెండ్ ఆగవచ్చు.

ఇల్లు గడవడం కష్టం కాకపోతే ముందు అప్రెంటిస్‌షిప్పే చేయండి. ఏడాది పని అనుభవం ఉన్నవాళ్లను చాలా అప్రెంటిస్ నోటిఫికేషన్లు తీసుకోవు.