లేసుల యాంకిల్ బ్రేస్: బెంగళూరు కోర్టుల్లో మూడేళ్లు కట్టుకుని ఆడాక

వారానికి నాలుగు రోజులు, మూడేళ్లకు పైగా కుడి కాలికి కట్టుకుని బ్యాడ్మింటన్ ఆడిన బ్రేస్ ఇది. సాక్స్‌లా తొడుక్కునే ఎలాస్టిక్‌ది కాదు, బూటుకున్నట్టు ముందు లేసులుండి, పైన రెండు పట్టీలు మడమ చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పి వెల్క్రోతో అంటించేది. కంపెనీ పేరు రాయట్లేదు, ఈ రకం చానా కంపెనీలు చేస్తున్నాయి, రకం చూసి కొనండి చాలు. అప్పట్లో నాకు 1,400 పడింది.

2022 ఆగస్టులో మొదలైంది నా కథ. మహదేవపుర దగ్గర కోర్టు, పొద్దున ఆరింటి స్లాట్, మా డబుల్స్ బ్యాచ్‌లో అందరూ చిత్తూరు, అనంతపురం వైపు వాళ్లే, ఇద్దరు గుంటూరు. పక్క కోర్టు షటిల్ ఒకటి దొర్లుకుంటూ మా వెనక లైన్ దగ్గరికొచ్చి ఆగింది, నేను చూసుకోలేదు, స్మాష్‌కి ఎగిరి దిగేటప్పుడు పాదం సరిగ్గా దాని కార్క్ మీద పడింది, కాలు లోపలికి మడత పడి టప్‌మని శబ్దం నాకే వినిపించింది. పది నిమిషాల్లో చీలమండ బయటివైపు కోడిగుడ్డంత వాపు. బ్యాచ్‌లో ఒకన్న "అక్కా, నూనె రాసి గట్టిగా నీవితే పోతుంది" అన్నాడు, దయచేసి ఆ పని చేయకండి, కొత్త బెణుకుని నీవితే వాపు ఇంకా పెరుగుతుంది. అమ్మేమో ఫోన్‌లో "పుత్తూరుకి వచ్చెయ్యి మే, కట్టు కట్టిద్దాం" అని ఒకటే పోరు. విరిగిందో లేదో తెలీకుండా ఏ కట్టూ వద్దని ముందు ఎక్స్‌రే తీయించా. చీలమండ ఎముకల వెనక అంచునో కొననో నొక్కితే ఎముక మీదే నొప్పి వచ్చినా, పాదం బయటి అంచు మధ్యలోనో లోపలివైపు పాదం వంపు (ఆర్చ్) పైన ఉండే ఎముకనో నొక్కితే నొప్పి వచ్చినా, నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తప్పనిసరి, నాకు నాలుగో అడుగు పడలేదు. ఫ్రాక్చర్ లేదు, బయటివైపు లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీ లాంటిది) కొంత చిరిగిందన్నారు.

అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. నేను వెళ్లిన క్లినిక్‌లో మూడు వారాలు కాలు కింద పెట్టొద్దని చెప్పి పంపేశారు, ఎక్సర్‌సైజుల మాటే లేదు. నేనూ అడగలేదు. ఐదో వారంలో నొప్పి తగ్గిందని మెడికల్ షాపులో ఎలాస్టిక్ తొడుగు కొని కోర్టుకెళ్లా, రెండో గేమ్‌లో పక్కకి జరిగానో లేదో మళ్లీ అదే కాలు అదే వైపు మడత పడింది. ఆ తొడుగు వెచ్చగా ఉంటుంది, వాపు కాస్త అదుపులో పెడుతుంది, అంతే. పాదం లోపలికి తిరక్కుండా ఆపే బలం దానికి లేదు.

అప్పుడు దొరికారు ఒక ఫిజియో మేడమ్, కన్నడ తెలుగు కలిపి మాట్లాడేవారు. మొదటిరోజే నన్ను ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకోమన్నారు. ఎడమ కాలి మీద 30 సెకన్లు హాయిగా ఉన్నా. కుడికాలి మీద 6. నొప్పి లేదు, వాపు లేదు, ఆరు లెక్కపెట్టేసరికి గోడ పట్టుకున్నా. లిగమెంట్ చిరిగితే పాదం ఏ కోణంలో ఉందో ఒంటికి చెప్పే నరాల సమాచారం కూడా దెబ్బతింటుందని, అందుకే ఒకసారి బెణికిన కాలే మళ్లీ మళ్లీ బెణుకుతుందని ఆవిడ అర్థమయ్యేలా చెప్పారు. ఈ బ్రేస్ రాసిచ్చింది కూడా ఆవిడే, కానీ షరతు పెట్టి: రోజూ పళ్లు తోముకున్నంతసేపు ఒంటికాలి మీద నిలబడాలి, రబ్బరు బ్యాండ్ పాదానికి తగిలించి బయటివైపుకి లాగాలి, మెట్టు అంచు మీద మడమలెత్తాలి. మడమలెత్తడం రెండు కాళ్లకీ సమానంగా వచ్చి, ఒంటికాలితో ముందుకీ పక్కకీ గెంతినా భయం లేనప్పుడే కోర్టు అన్నారు. నాకు పదకొండు వారాలు పట్టింది.

ఇంక బ్రేస్ సంగతి. మొదటి రెండు వారాలు చీలమండ ఎముక దగ్గర ఒరుసుకుని ఎర్రగా అయ్యేది, పొట్టి సాక్స్ మానేసి పిక్క సగం వరకు వచ్చే మందం సాక్స్ వేశాక పోయింది. కట్టుకునేటప్పుడు మడమ నేలకి ఆనించి, మోకాలు కొంచెం ముందుకి వంచి లేసులు కింద నుంచి బిగిస్తూ రావాలి, కాలు గాల్లో పెట్టి కడితే ఆట మధ్యలో వదులైపోతుంది. గెంతడానికి, పరిగెత్తడానికి అడ్డం రాదు, పాదం పైకీ కిందకీ బాగానే కదులుతుంది, పక్కకి తిరిగేదాన్నే పట్టుకుంటుంది. నెట్ దగ్గర లంజ్ (ఒక కాలు ముందుకి చాపి వంగడం) వేసేటప్పుడు తేడా బాగా తెలుస్తుంది. 2023లో ఒకసారి పార్ట్‌నర్ పాదం మీద దిగా, కాలు సగం మడిచి పట్టీ దగ్గర ఆగింది, రెండు రోజులు కుంటి మళ్లీ ఆడేశా.

లోపాలూ ఉన్నాయి. వెల్క్రో సాక్స్ నూలంతా లాక్కుని పదునాలుగో నెలకి పట్టు పోయింది, ఆ తర్వాత పాత టూత్‌బ్రష్‌తో గీకి గీకి నడిపించా. వానాకాలంలో ఆరదు, చెమట వాసన కారంతా పట్టేస్తుంది, చల్లనీళ్లలో సబ్బుతో ఉతికి నీడలో ఆరేయాలి. షూ బిగుతవుతుంది, నేను అరసైజు పెద్దది కొన్నా.

షూ అంటే గుర్తొచ్చింది, మా బ్యాచ్‌లో ఇప్పటికీ ముగ్గురు రన్నింగ్ షూస్‌లో ఆడతారు, నాకు చూస్తేనే గుండె దడ. వాటి మడమ ఎత్తు, మెత్తన, నేరుగా పరిగెత్తడానికి చేసినవి, పక్కకి కట్ చేస్తే పాదం ఆ ఎత్తు మీంచి పక్కకి ఒరిగిపోతుంది. నేలకి పట్టే గమ్ రబ్బరు సోల్ ఉన్న నాన్‌మార్కింగ్ (నేల మీద మరకలు పడని) కోర్టు షూ లేకుండా బ్రేస్ కొంటే డబ్బు దండగ. షటిల్ స్పీడ్ కూడా చూసుకోండి, బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, గాలి పల్చన, చెన్నై నుంచి ఒకన్న తెచ్చిన 78 స్పీడ్ నంబరు (నంబరు పెద్దదైతే వేగం ఎక్కువ) ఫెదర్ షటిళ్లు ఇక్కడ వెనక లైన్ దాటి పోయేవి, వాటి కోసం వెనక్కి వెనక్కి పరిగెత్తి అందరి కాళ్లూ అరిగాయి. రూల్ ప్రకారం వెనక లైన్ మీంచి కింద నుంచి పూర్తి బలంతో కొడితే అవతలి వెనక లైన్‌కి 530 నుంచి 990 మిల్లీమీటర్ల ముందు పడాలి, మేం అలా కొట్టి చూసి 76కి మారాం. కోర్టులోకి షటిల్ దొర్లితే ర్యాలీ మధ్యలోనైనా చెయ్యెత్తి లెట్ (ఆ పాయింట్ మళ్లీ ఆడదాం) అని అరుస్తాం ఇప్పుడు, పాయింట్ గురించి ఎవరూ గొడవ పడరు.

ఎవరికి పనికొస్తుందంటే, ఒకసారైనా బెణికిన కాలుకి. అసలు బెణకని కాలుకైతే ముందు షూ, బ్యాలెన్స్ ఎక్సర్‌సైజులే చూసుకోండి. ఆఫీసులో రోజంతా కట్టుకోవద్దు, నేను ఆటకే కడతా, ఇంటికొచ్చి విప్పేస్తా. పోయిన నెల లేసు రంధ్రం దగ్గర గుడ్డ చిరిగితే అదే రకం, అదే సైజు రెండోది కొన్నా. కళ్లు మూసుకుని కుడికాలి మీద ఇప్పుడు 40 సెకన్లు నిలబడగలను, ఎడమ కాలికంటే ఎక్కువ.