9 ఏళ్లు క్యాష్‌బ్యాక్ కార్డులు వాడిన తరువాత: చేతికి నిజంగా వచ్చినది ఎంత

ఇంటి నిత్య ఖర్చులకు నేను 9 ఏళ్లుగా క్యాష్‌బ్యాక్ క్రెడిట్ కార్డులు వాడుతున్నాను. ఒక దశలో నా దగ్గర 5 కార్డులు ఉండేవి. ఇప్పుడు 2 మాత్రమే ఉన్నాయి. మొదటి కార్డు చేతికి వచ్చిన నెల నుంచి ప్రతి స్టేట్‌మెంటులోనూ రెండే అంకెలు చూసి ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను: ఆ నెల మొత్తం ఖర్చు, ఆ నెల తిరిగి వచ్చిన మొత్తం. రెండవ అంకెను మొదటి అంకెతో భాగిస్తే వచ్చే శాతమే ఆ కార్డు మనకు నిజంగా ఇస్తున్న రేటు. ప్రకటనలో 5 శాతం అని పెద్ద అక్షరాలతో కనిపించిన కార్డు మొదటి ఏడాది నాకు ఇచ్చినది 1.4 శాతం. ఆ తరువాత తీసుకున్న, అన్ని కొనుగోళ్లపైనా ఒకే రేటు ఇచ్చే సాదా కార్డు మాత్రం చెప్పినట్లే 2 శాతం ఇచ్చింది. మొదటి కార్డు చెప్పిన 5 శాతంలో మిగతా 3.6 శాతం ఎక్కడికి పోయిందో పూర్తిగా అర్థం కావడానికి నాకు దాదాపు రెండేళ్లు పట్టింది.

మొదటి కారణం కోడ్‌లు. మనం ఏ వస్తువు కొన్నామో కార్డు ఇచ్చిన బ్యాంకుకు సాధారణంగా తెలియదు. ఏ రకం దుకాణంలో కొన్నామో మాత్రమే తెలుస్తుంది. దుకాణం తరఫున కార్డు చెల్లింపులు స్వీకరించే బ్యాంకు ఆ దుకాణానికి నాలుగంకెల వ్యాపార కోడ్ ఒకటి కేటాయిస్తుంది. ఐఎస్ఓ 18245 అనే అంతర్జాతీయ ప్రమాణం ఈ కోడ్‌లకు సంబంధించినదే. కిరాణా దుకాణాలకు, సూపర్‌మార్కెట్లకు 5411, డిపార్ట్‌మెంట్ స్టోర్లకు 5311, సభ్యత్వం మీద నడిచే టోకు దుకాణాలకు 5300, మందుల దుకాణాలకు 5912, రెస్టారెంట్లకు 5812, ఫాస్ట్‌ఫుడ్ కేంద్రాలకు 5814. పెట్రోలు బంకుకు 5541 ఉంటే, మనమే కార్డు పెట్టి నింపుకునే యంత్రానికి 5542 ఉంటుంది. కిరాణాపై 5 శాతం అని కార్డు నిబంధనల్లో ఉంటే, దాని అర్థం చాలావరకు 5411 కోడ్ ఉన్న చోట 5 శాతం అనే.

ఇది తెలియక నేను 7 నెలలపాటు నెలవారీ సరుకులన్నీ ఒకే పెద్ద దుకాణంలో కొన్నాను. బియ్యం నుంచి సబ్బుల వరకు అన్నీ అక్కడే తీసుకున్నాను కాబట్టి 5 శాతం వస్తుందన్న నమ్మకంతో ఉన్నాను. స్టేట్‌మెంటులో క్యాష్‌బ్యాక్ తక్కువగా కనిపించినప్పుడల్లా వచ్చే నెలలో సరిచేస్తారేమోనని ఊరుకున్నాను. చివరకు బ్యాంకుకు ఫోన్ చేస్తే, ఆ దుకాణం డిపార్ట్‌మెంట్ స్టోరుగా నమోదై ఉందని, ఆ కోడ్‌ను మార్చే అధికారం తమకు లేదని చెప్పారు. వారు చెప్పినది నిజమే. కోడ్ నిర్ణయించేది దుకాణం వైపు బ్యాంకు. అప్పటి నుంచి కొత్త దుకాణానికి వెళ్లినప్పుడు మొదట ఒక చిన్న వస్తువు కొని, ఆ చెల్లింపు స్టేట్‌మెంటులో ఏ వర్గం కింద చేరిందో చూసిన తరువాతే పెద్ద కొనుగోళ్లు అక్కడికి మారుస్తున్నాను. నా అనుభవంలో ఇంతకు మించి ఫలితం ఇచ్చిన అలవాటు మరొకటి లేదు. ఒకే దుకాణంలో నేరుగా కార్డు గీస్తే ఒక కోడ్, మధ్యలో ఏదైనా చెల్లింపు యాప్ ద్వారా చెల్లిస్తే మరొక కోడ్ పడే సందర్భాలు కూడా ఉన్నాయి కనుక, చెల్లించే పద్ధతి మారినప్పుడు కూడా ఈ పరీక్ష మళ్లీ చేయవలసిందే.

రెండవ కారణం పరిమితి. ఎక్కువ రేటు ఇచ్చే కార్డులలో చాలావాటికి ఆ రేటు నెలకో, మూడు నెలలకో ఇంత మొత్తం వరకే అన్న హద్దు ఉంటుంది. దాని ప్రభావాన్ని ఒక లెక్కతో చెబుతాను. ఒక ఇంటి నెల ఖర్చును 100 పాళ్లుగా తీసుకుందాం. అందులో 30 పాళ్లు కిరాణా. కిరాణాపై 5 శాతం, మిగతావాటిపై 1 శాతం ఇచ్చే కార్డుతో అంతా చెల్లిస్తే 1.5, 0.7 కలిసి 2.2 పాళ్లు వెనక్కి వస్తాయి. అన్నింటిపైనా 2 శాతం ఇచ్చే కార్డు 2 పాళ్లే ఇస్తుంది కాబట్టి మొదటిది మెరుగ్గా కనిపిస్తుంది. కానీ ఆ 5 శాతం మొదటి 20 పాళ్ల కిరాణాకే వర్తిస్తే, వచ్చేది 1 పాలు, దాని మీద మిగిలిన 80 పాళ్లకు 0.8, అంటే మొత్తం 1.8 మాత్రమే. సాదా కార్డు దాన్ని దాటిపోయింది. అదే రెండు కార్డులనూ కలిపి, 20 పాళ్ల కిరాణా మొదటిదానిపై, మిగిలిన 80 పాళ్లు రెండవదానిపై పెడితే 2.6 పాళ్లు వస్తాయి. నేను 5 కార్డుల నుంచి రెండుకు రావడానికి ఈ లెక్కే కారణం. మూడవ, నాలుగవ కార్డు ఈ 2.6ను ఏ నెలలోనూ 2.8కి మించి పెంచలేదు. ఆ కాస్త పెంపు కోసం మరో రెండు గడువు తేదీలు, మరో రెండు నిబంధనల పత్రాలు గుర్తుంచుకోవలసి వచ్చింది. మూడు నెలలకోసారి వర్గాలు మారిపోయే కార్డును కూడా ఏడాదిన్నర వాడాను. ప్రతిసారీ ముందుగా నమోదు చేసుకోవాలన్న షరతును రెండుసార్లు మరచిపోయి ఆ ఆరు నెలల అదనపు రేటు పోగొట్టుకున్నాను కనుక దాన్ని వదిలేశాను.

పరిమితి విషయంలో ఇంకొక చిన్న మాట. హద్దును కొన్ని కార్డులు క్యాలెండరు నెల ప్రకారం లెక్కిస్తే, మరికొన్ని బిల్లింగ్ కాలం ప్రకారం లెక్కిస్తాయి. పైగా చూసేది మనం కొన్న రోజును కాకపోవచ్చు; ఆ లావాదేవీ ఖాతాలో నమోదైన రోజును చూడవచ్చు. నెలాఖరున కొన్న సరుకులు తరువాతి నెల హద్దులోకి జారిపోవడం నాకు చాలాసార్లు జరిగింది. అందువల్ల బిల్లింగ్ కాలం ముగియడానికి మూడు రోజుల ముందు నుంచి పెద్ద కొనుగోళ్లు ఆపుతున్నాను.

వార్షిక రుసుము ఉన్న కార్డు గురించి ఆలోచించేటప్పుడు చాలామంది చేసే పొరపాటే నేనూ చేశాను. 5 శాతం ఇచ్చే కార్డు కాబట్టి రుసుముకు 20 రెట్లు ఖర్చు చేస్తే ఆ రుసుము తిరిగి వస్తుందని అనుకున్నాను. అయితే రుసుము లేని కార్డు అదే ఖర్చుపై ఎలాగూ 2 శాతం ఇచ్చేది. కొత్త కార్డు వల్ల నాకు అదనంగా కలిగే లాభం 3 శాతమే కనుక, రుసుముకు 33 రెట్లకు పైగా ఖర్చు చేయాలి, అది కూడా ఆ ఒక్క వర్గంలోనే, హద్దు లోపలే. ఆ లెక్క వేసిన రోజు నా నెలసరి కిరాణా ఖర్చు సరిపోతుందని తేలింది కనుక ఆ కార్డును ఉంచుకున్నాను. చిన్న కుటుంబానికి సరిపోకపోవచ్చు. మరొక కార్డు 5 రెట్ల పాయింట్లు అని చెప్పేది; అందులో ఖర్చు చేసిన ప్రతి వంద రూపాయలకు మామూలుగా 1 పాయింటు, పాయింటు విలువ పావు రూపాయి. అంటే 5 రెట్లు కలిపినా 1.25 శాతమే. పాయింట్ల రూపంలో ఇచ్చేదాన్ని మొదట డబ్బులోకి మార్చి చూడకుండా మరొక కార్డుతో పోల్చడం వృథా.

ఇక వడ్డీ. ఈ 9 ఏళ్లలో నాకు జరిగిన పెద్ద నష్టం ఇక్కడే జరిగింది, తప్పు కూడా నాదే. కొత్త కార్డుకు ఆటో డెబిట్ పెట్టేటప్పుడు మొత్తం బకాయి అని ఎంచుకోవలసిన చోట కనీస చెల్లింపు అని ఎంచుకున్నాను. ఖాతాలోంచి ప్రతి నెలా డబ్బు పోతున్నట్లు సందేశం వస్తోంది కాబట్టి బిల్లు పూర్తిగా కట్టేశానని అనుకున్నాను. రెండు నెలల తరువాత చూస్తే బకాయి పేరుకుపోయి ఉంది. బకాయి పూర్తిగా తీరనప్పుడు చాలా కార్డులలో వడ్డీ లేని గడువు మొత్తంగా రద్దవుతుంది. కొత్తగా కొన్న వాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ లెక్కిస్తారు. నా కార్డులో వడ్డీ నెలకు 3 శాతం. ఆ రెండు నెలల వడ్డీ, అంతకుముందు నాలుగు నెలలు జాగ్రత్తగా కూడబెట్టిన క్యాష్‌బ్యాక్‌ను పూర్తిగా తినేసింది. 2 శాతం సంపాదించడానికి నెలకు 3 శాతం చెల్లించే ఏర్పాటు ఎవరికీ లాభం కాదు. బిల్లు ప్రతి నెలా పూర్తిగా కట్టగలమన్న ధైర్యం లేనివారు ఈ కార్డుల జోలికి పోకుండా ఉండటమే మేలని మనస్ఫూర్తిగా చెబుతున్నాను; అప్పటికే బకాయి ఉన్నవారు క్యాష్‌బ్యాక్ గురించి కాక ముందు ఆ బకాయి తీర్చడం గురించి ఆలోచించాలి. కార్డుతో ఏటీఎంలో నగదు తీయడం ఇంకా ఖరీదైన పని. దానికి సాధారణంగా గడువే ఉండదు, క్యాష్‌బ్యాకూ రాదు.

వడ్డీ కట్టనివారిని కూడా పట్టుకునే నష్టం ఒకటి ఉంది, అది ఖర్చు పెరగడం. 2001లో డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, ఆటల టికెట్ల వేలంలో క్రెడిట్ కార్డుతో చెల్లించాలని చెప్పినవారు వేసిన పాట, నగదుతో చెల్లించాలని చెప్పినవారి పాటకు సగటున రెట్టింపు పైగా ఉంది. నా పుస్తకంలోనూ ఇటువంటిదే కనిపించింది: కార్డు తీసుకున్న మొదటి ఏడాది ఇంటి ఖర్చు అంతకుముందు ఏడాది కంటే 11 శాతం పెరిగింది, అందులో కొంత ధరల పెరుగుదల అనుకున్నా, క్యాష్‌బ్యాక్ రూపంలో వచ్చిన 1.4 శాతం దాని ముందు చాలా చిన్నది. అందుకే రెండవ ఏడాది నుంచి కొనవలసిన వాటి జాబితా ముందు రాసి, ఆ తరువాతే కార్డు తీస్తున్నాను. ఇంత ఖర్చు చేస్తే అదనపు క్యాష్‌బ్యాక్ అని వచ్చే ఆఫర్లను, ఆ ఖర్చు ఎలాగూ చేయవలసి ఉన్నప్పుడు తప్ప, చూడటం మానేశాను.

ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడం కూడా ఉపయోగపడింది. ప్రతి కార్డు చెల్లింపులోనూ దుకాణదారు కొంత రుసుము భరిస్తాడు. అందులో ఒక భాగం కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది, క్యాష్‌బ్యాక్‌కు ఒక మూలం అదే. ఐరోపా సమాఖ్య 2015 నాటి నియమంతో వినియోగదారుల క్రెడిట్ కార్డులపై ఆ భాగాన్ని 0.3 శాతానికి పరిమితం చేసింది. అంత తక్కువ రాబడి నుంచి 2 శాతం తిరిగి ఇవ్వడం ఏ బ్యాంకుకూ సాధ్యం కాదు. రెండవ మూలం బకాయి పెట్టుకున్నవారు కట్టే వడ్డీ. ఈ సంగతి తెలిసిన తరువాత, కార్డు రుసుము తనకు భారమని ఏ చిన్న దుకాణదారైనా చెబితే నగదే ఇస్తున్నాను. ఆ కొద్ది శాతం పోగొట్టుకున్నందుకు నాకు బాధ లేదు. పన్నులు, అద్దె, ఫీజుల వంటి చెల్లింపులకు కార్డు వాడితే అదనపు రుసుము పడేచోట ఆ రుసుము క్యాష్‌బ్యాక్‌ను మించితే కార్డు వాడను. వాలెట్లలో డబ్బు వేయడం, గిఫ్ట్ కార్డులు కొనడం వంటివాటికి చాలా కార్డులు క్యాష్‌బ్యాక్ ఇవ్వవు. విదేశీ కరెన్సీ చెల్లింపుపై 3 శాతం వరకు రుసుము ఉండే కార్డును విదేశీ కొనుగోళ్లకు వాడటం నష్టమే.

వచ్చిన క్యాష్‌బ్యాక్‌ను ఎక్కువకాలం అట్టేపెట్టడం నాకు నచ్చదు. ఒక కార్డులో కనీస మొత్తం చేరేవరకు తీసుకోవడానికి వీలులేదు, మరొకదానిలో రెండేళ్లు దాటితే మురిగిపోతుంది. అందుకే బిల్లులో తగ్గించే సదుపాయం ఉన్నచోట ప్రతి నెలా అలాగే పెట్టుకున్నాను. ఒకసారి క్యాష్‌బ్యాక్ మొత్తం వాడేసిన తరువాత ఒక పెద్ద వస్తువు వెనక్కి ఇవ్వవలసి వచ్చింది. దానిపై వచ్చిన క్యాష్‌బ్యాక్‌ను బ్యాంకు తిరిగి తీసుకుంది, నా నిల్వ మూడు నెలలు రుణాత్మకంగా ఉండిపోయింది. అది న్యాయమే, ముందుగా తెలియకపోవడమే ఇబ్బంది.

ప్రస్తుతం నా దగ్గర కిరాణా కార్డు ఒకటి, అన్నింటికీ 2 శాతం ఇచ్చే కార్డు ఒకటి ఉన్నాయి. మొదటిదానికి యాడ్-ఆన్ కార్డు తీసుకుని మా ఇంట్లోవారికి ఇచ్చాను. ఇద్దరి ఖర్చూ ఒకే హద్దులో లెక్కకు వస్తుంది కాబట్టి ఆ నెల హద్దు నిండగానే ఒకరికొకరు చెప్పుకుంటాం. గత 12 నెలల సగటు 2.5 శాతం. అయితే వచ్చే బిల్లింగ్ కాలం నుంచి కిరాణా హద్దును సగానికి తగ్గిస్తున్నట్లు నోటీసు వచ్చింది. ఈ 9 ఏళ్లలో నా కార్డుల నిబంధనలు ఇలా మారడం ఇది నాలుగవసారి. కొత్త హద్దుతో లెక్క వేస్తే అదనపు లాభం వార్షిక రుసుముకు సరిపోవడం లేదు. ఇది నా పాత కార్డు, దీన్ని మూసేస్తే రుణ చరిత్ర వయసు తగ్గే అవకాశం ఉంది కనుక, ఖాతా కొనసాగిస్తూనే రుసుము లేని రకానికి మార్చమని రుసుము పడే నెలకు ముందే బ్యాంకును అడగబోతున్నాను.