సర్కామ్‌కిట్ చాలాకాలం వాడాక: దొంగ విట్‌నెస్‌ను మనమే తయారుచేసి చూడాలి

సర్కామ్ అంటే జీరో నాలెడ్జ్ ప్రూఫ్‌లకు (రహస్య విలువలు బయటపెట్టకుండా ఒక లెక్క సరైనదని రుజువు చేయడానికి) సర్క్యూట్లు రాసే భాష. అందులో సర్క్యూట్లు రాసేవాళ్లను కంపైల్ ఎర్రర్లు పెద్దగా ఇబ్బంది పెట్టవు. టెస్టులన్నీ పాసై, ప్రూఫ్ కూడా వెరిఫై అయిపోయి, లోపల మాత్రం ఒక కన్‌స్ట్రెయింట్ (విలువలు తప్పక పాటించాల్సిన సమీకరణం) తక్కువున్న సర్క్యూట్‌తోనే ప్రమాదం. సర్కామ్ సర్క్యూట్లను కంపైల్ చేసి పరీక్షించే టూల్ సర్కామ్‌కిట్‌కు విలువ వచ్చేది అక్కడే. కంపైల్, సెటప్, ప్రూవ్, వెరిఫై లాంటివి సర్కామ్ కంపైలర్, స్నార్క్‌జేఎస్ (ప్రూఫ్‌లు తయారుచేసి సరిచూసే లైబ్రరీ) ఉంటే నాలుగు లైన్ల షెల్ స్క్రిప్టు కూడా చేసిపెడుతుంది.

నోడ్ ఉంటే ఎన్‌పీఎమ్‌తో ఇన్‌స్టాల్ అవుతుంది. సర్కామ్ కంపైలర్‌ను మాత్రం విడిగా పెట్టుకోవాలి. 'ఇనిట్' కమాండ్ ఇస్తే ఒక నమూనా ప్రాజెక్టు వస్తుంది. అందులోని సర్క్యూట్స్ జేసన్ ఫైల్‌లో ప్రతి సర్క్యూట్‌కూ నాలుగు విషయాలు రాయాలి: ఏ ఫైలు, ఏ టెంప్లేట్, ఏ పారామీటర్లు, ఏ ఇన్‌పుట్లు పబ్లిక్. మెయిన్ కాంపొనెంట్‌ను (సర్క్యూట్ మొదలయ్యే చోటు) సర్కామ్‌కిట్టే రాసుకుంటుంది కాబట్టి ఒకే టెంప్లేట్‌ను 8, 16, 32 బిట్లకు వేరువేరుగా కంపైల్ చేయడం చిటికెలో పని. పబ్లిక్ ఇన్‌పుట్ల జాబితా రాయడం మరిచిపోతే ఏ హెచ్చరికా రాదు, ఇన్‌పుట్లన్నీ ప్రైవేట్ అయిపోతాయి. ప్రూఫ్ చక్కగా వెరిఫై అవుతుంది, కానీ ఏ విలువ గురించి రుజువు చేశారో వెరిఫైయర్‌కు తెలియదు. ప్రూఫ్‌తో పాటు వచ్చే పబ్లిక్ జేసన్ ఫైల్‌లో అవుట్‌పుట్లు ముందు, ఇన్‌పుట్లు తర్వాత వస్తాయని కూడా గుర్తుంచుకోండి. ప్రూఫ్‌ను సరిచూసే స్మార్ట్ కాంట్రాక్టులో ఇండెక్స్ తప్పేది ఎక్కువగా ఇక్కడే.

ఇక డీబగ్గింగ్. భాగాహారం సర్క్యూట్ తీసుకుందాం. క్యూ భాగఫలం, ఆర్ శేషం. రెండింటికీ <-- తో విలువలిచ్చి, ఏ === బీ*క్యూ + ఆర్ అని ఒక్క కన్‌స్ట్రెయింట్ పెట్టారనుకోండి. <-- విట్‌నెస్‌లో (సర్క్యూట్‌లోని సిగ్నల్స్, అంటే చలరాశులన్నిటి విలువల జాబితాలో) విలువ నింపుతుందే గానీ కన్‌స్ట్రెయింట్ పెట్టదు. ఏ 17, బీ 5 ఇస్తే 3, 2 వస్తాయి. ఎక్స్‌పెక్ట్‌పాస్ టెస్టు పచ్చగా వెలుగుతుంది. ఇప్పుడు విట్‌నెస్ టెస్టర్‌లోని ఎడిట్‌విట్‌నెస్‌తో క్యూను 0కీ ఆర్‌ను 17కీ మార్చి, ఎక్స్‌పెక్ట్‌కన్‌స్ట్రెయింట్‌ఫెయిల్ (కన్‌స్ట్రెయింట్లు ఈ విట్‌నెస్‌ను తిప్పికొట్టాలని చూసే టెస్టు) పిలవండి. టెస్టు ఫెయిలవుతుంది, ఎందుకంటే 5*0 + 17 కూడా 17 కాబట్టి కన్‌స్ట్రెయింట్లు దాన్ని ఒప్పేసుకున్నాయి. లోపం ఒక్క నిమిషంలో దొరికినట్టే.

ఆర్ బీకన్నా చిన్నదని చెప్పడానికి సర్కామ్‌లిబ్ (సర్కామ్ రెడీమేడ్ టెంప్లేట్ల లైబ్రరీ) లోని లెస్‌దాన్(32) పెడితే సరిపోతుందా? సరిపోదు. ఇది ఫీల్డ్ లెక్క, అంటే అన్నీ ఒక పెద్ద ప్రైమ్ (ప్రధాన సంఖ్య) మాడ్యులోలో జరుగుతాయి, మైనస్ 3 అంటే ఆ ప్రైమ్‌లోంచి 3 తీసేసినంత పెద్ద సంఖ్య. క్యూ 4, ఆర్ మైనస్ 3 అనుకుంటే 20లోంచి 3 పోతే మళ్లీ 17. లెస్‌దాన్ లోపల ఆర్ + 2^32 - బీ విలువను 33 బిట్లుగా విడగొట్టి, పై బిట్ 0 అయితే చిన్నది అంటుంది. ఇక్కడ ఆ విలువ 2^32 - 8, పై బిట్ 0, కాబట్టి 'చిన్నదే' అని జవాబిస్తుంది. ఆర్, బీ, క్యూ మూడింటినీ ముందు నమ్‌టుబిట్స్(32)తో (32 బిట్లలో పట్టాలనే షరతుతో) కట్టిపడేస్తేనే ఈ దారి మూసుకుంటుంది.

సర్కామ్‌కిట్‌లో అతి పెద్ద ఉచ్చు ఇదే సందర్భంలో పొంచి ఉంది. పై దొంగ విట్‌నెస్‌ను పరీక్షిద్దామని క్యూ, ఆర్ మాత్రమే మారిస్తే లెస్‌దాన్ లోపలి సిగ్నల్స్ పాత విలువలతోనే ఉండిపోతాయి. లెక్క కుదరక కన్‌స్ట్రెయింట్ ఫెయిలవుతుంది, టెస్టు పాసవుతుంది, మనం సర్క్యూట్ గట్టిదనుకుంటాం. నిజంగా మోసం చేసేవాడు లోపలివి కూడా మారుస్తాడు. ఈ ఉదాహరణలో మార్చాల్సినవి ఆరు: క్యూ, ఆర్, లెస్‌దాన్ మొదటి ఇన్‌పుట్, దాని లోపలి నమ్‌టుబిట్స్ ఇన్‌పుట్, ఇంకా 0వ, 2వ బిట్లు. సర్కామ్‌కిట్ ఇవేవీ తిరిగి లెక్కించి ఇవ్వదు. 'ఫెయిలైంది' అని రాగానే ఎందుకు ఫెయిలైందో చూడకుండా వదలకండి.

ఎడిట్‌విట్‌నెస్‌లో సిగ్నల్ పేర్లు 'మెయిన్' తో మొదలుపెట్టి పూర్తిగా రాయాలి. ఆప్టిమైజేషన్‌లో ఎగిరిపోయిన సిగ్నల్‌కు సిమ్ ఫైల్‌లో (సిగ్నల్ పేర్ల పట్టికలో) విట్‌నెస్ స్థానం -1 ఉంటుంది, దాన్ని మార్చడం కుదరదు. అందుకే ఇలాంటి టెస్టులకు ఓ0 (ఆప్టిమైజేషన్ లేని స్థాయి), అసలు బిల్డ్‌కు ఓ1 లేదా ఓ2. ఆ స్థాయిని కాన్ఫిగ్‌లో స్పష్టంగా రాసేయండి. లేకపోతే కన్‌స్ట్రెయింట్ల లెక్క మారినప్పుడు మార్పు మీ కోడ్‌దో కంపైలర్‌దో తేలదు. ఎక్స్‌పెక్ట్‌కన్‌స్ట్రెయింట్‌కౌంట్ కూడా మామూలుగా 'కనీసం ఇన్ని' అనే చూస్తుంది, కచ్చితంగా కావాలంటే రెండో ఆర్గ్యుమెంట్‌గా ట్రూ ఇవ్వాలి.

వేగం గురించి చెప్పేదేం లేదు. ప్రతి టెస్టర్‌కూ విడిగా కంపైల్ అవుతుంది, పెద్ద సర్క్యూట్లకు కూర్చోవాల్సిందే. చిన్న టెంప్లేట్లుగా విడగొట్టి పరీక్షించడం మేలు.

బీఎన్128 కర్వ్‌కు కావలసిన పీటావ్ ఫైలును (సెటప్ మొదటి దశలో అన్ని సర్క్యూట్లకూ ఉమ్మడిగా తయారైనది) కన్‌స్ట్రెయింట్ల సంఖ్య చూసి సర్కామ్‌కిట్టే దింపుకుంటుంది. 2,00,000 ఉంటే 2^18 సరిపోతుంది. ప్లాంక్ అనే ప్రూఫ్ పద్ధతిలో కూడికలకు కూడా గేట్లు ఖర్చవుతాయి కాబట్టి అదే సర్క్యూట్ ఇంకా పెద్ద ఫైలు అడగొచ్చు. గ్రోత్16 అనే ప్రూఫ్ పద్ధతికి కావలసిన సెటప్ రెండో దశ కాంట్రిబ్యూషన్‌ను (రహస్య యాదృచ్ఛిక సంఖ్య కలపడం) మాత్రం ఇది మీ మెషీన్ మీదే చేసేస్తుంది. డెవలప్‌మెంట్‌కు అది చాలు. అలా వచ్చిన జీకీని (ప్రూవింగ్ కీ ఫైలు) అలాగే మెయిన్‌నెట్‌కు పంపితే, ఆ ఒక్క మెషీన్‌లోని రహస్యం ఎవరి చేతికి చిక్కినా దొంగ ప్రూఫ్‌లు పుట్టించగలరు. అసలు కాంట్రిబ్యూషనే లేని జీకీ అయితే రహస్యం కూడా అక్కర్లేదు: అందులో వేరువేరుగా ఉండాల్సిన గామా, డెల్టా అనే రెండు వెరిఫికేషన్ విలువలూ ఒకే బిందువు.