నోట్‌ప్యాడ్++లో ఆ ఒక్క మెనూ: పదకొండేళ్ల వాడకం తర్వాత

విండోస్‌లో టెక్స్ట్ ఫైళ్లు తెరిచి రాసుకునే నోట్‌ప్యాడ్++ మాట ఎత్తితే అందరూ ప్రోగ్రాములు రాసుకోవడం గురించే చెబుతారు. నేను ప్రోగ్రాములు రాయను. పదకొండేళ్లుగా మా ఇంటి కంప్యూటర్లో అది ఉన్నది ఒకే పనికి. తెలుగు ఫైలు తెరిస్తే తెరమీద పిచ్చిగీతలు పడ్డప్పుడు, పై వరసలో ఉన్న ‘ఎన్‌కోడింగ్’ మెనూలోకి, అంటే ఫైల్లోని అక్షరాలను ఏ పద్ధతిలో చదవాలో చెప్పేచోటికి వెళ్లడానికి. మా అమ్మ పాటలు మళ్లీ మా చేతికి వచ్చింది ఆ మెనూ వల్లే. దాని మీద నాకు మామూలు అభిమానం కాదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

అమ్మది తెనాలి దగ్గర పల్లె. నాట్లప్పుడు, తిరగలి దగ్గర, ఉయ్యాల దగ్గర ఆడవాళ్లు పాడుకునే పాటలు అమ్మమ్మ నోట విన్నవి విన్నట్టు ఆమెకు గుర్తు. 2008లో మా ఇంట్లో విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఉండేది. అప్పట్లో తెలుగు సరిగ్గా కనపడాలంటే కంట్రోల్ ప్యానెల్లో భాషల దగ్గర ఒక టిక్కు పెట్టి ఎక్స్‌పీ సీడీ వేయాలి. లేకపోతే ఒత్తు ఒకచోట, గుడి ఒకచోట పడేవి. ఆ పని చేసిపెట్టాక అమ్మ గౌతమి ఫాంటులో ఒక్కో వేలితో కొట్టుకుంటూ రెండేళ్లలో 40 పాటలు ఎక్కించింది. పాటకో టెక్స్ట్ ఫైలు.

2014లో ఆ హార్డ్ డిస్కు మూలగడం మొదలుపెట్టింది. బజార్లో ఒకాయన అందులోంచి తీయగలిగినవి తీసి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. ఇంటికొచ్చి తెరిస్తే ఏ పాట చూసినా ఒకటే వరస: తలమీద వాలుగీత ఉన్న ఇంగ్లిషు ‘ఏ’, పక్కన ° గుర్తు, ఆ పక్కన ఏదో ఒకటి. మళ్లీ అదే ‘ఏ’, పక్కన ± గుర్తు. పేజీలకు పేజీలు అదే. అమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. ‘పోయాయా?’ అంది.

పోలేదు. అది తెలిసింది తర్వాత. తెరమీద కనిపించే చెత్తంతా ఒకటే రకం కాదు, ఏ రకమో గుర్తుపట్టడమే సగం పని. ఖాళీ డబ్బాలు వరసగా కనిపిస్తే అక్షరాలు క్షేమంగానే ఉన్నట్టు, తెలుగు ఫాంటు లేదంతే. ఇంగ్లిషు అక్షరాలూ కామాలూ బ్రాకెట్లూ కలగాపులగంగా ఉంటే అది చాలావరకు డీటీపీ షాపుల్లో అను ఫాంటుతో కొట్టించినదై ఉంటుంది. దానికి కన్వర్టరు వేరే కావాలి, నోట్‌ప్యాడ్++ ఏమీ చేయలేదు. మాకు కనపడ్డ ఆ ° ± వరస మాత్రం యూటీఎఫ్-8లో, అంటే అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా (కంప్యూటర్ దాచుకునే అంకెలుగా) రాసే పద్ధతిలో ఉన్న తెలుగును వేరే లెక్కలో చదివినప్పుడు పడేది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు. కంప్యూటర్ వాళ్లు అంకెలూ ఇంగ్లిషు అక్షరాలూ కలిపి రాసే లెక్కలో మొదటిది ఎప్పుడూ ఈ0, రెండోది బీ0 గానీ బీ1 గానీ, అసలు తేడా అంతా మూడోదాంట్లో. విండోస్ పాత పడమటి పట్టిక, అంటే 1252లో ఈ0 అంటే ఆ వాలుగీత ‘ఏ’, బీ0 అంటే °, బీ1 అంటే ±. అందుకే తెలుగు ఏది పాడైనా అదే మొహంతో కనిపిస్తుంది.

మా ఫైళ్లలో ఇంకో మెలిక ఉంది. ఎక్కడో మధ్యలో వాటిని 1252 అనుకుని తెరిచి, ఆ చెత్తనే మళ్లీ యూటీఎఫ్-8గా సేవ్ చేశారు. దానితో ఆ చెత్తే అసలు పాఠమై కూర్చుంది. మామూలు నోట్‌ప్యాడ్‌లో ఎన్నిసార్లు తెరిచినా మారదు. నోట్‌ప్యాడ్++లో అయితే ఎన్‌కోడింగ్ మెనూలో ముందు ‘కన్వర్ట్ టు ఆన్సీ’ (ఇక్కడ ఆన్సీ అంటే ఆ 1252 పట్టికే), తర్వాత అదే మెనూ పైభాగంలో ‘యూటీఎఫ్-8’. రెండే నొక్కుళ్లు. రెండోది నొక్కగానే తెరంతా ఒక్కసారిగా తెలుగైపోయింది. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి పైనుంచి కిందిదాకా చదివి, ‘నేను పెట్టిన తప్పులు కూడా అట్లాగే ఉన్నయ్యే!’ అని నవ్వింది. ఆ పూట పెన్‌డ్రైవ్‌లో ఉన్న 28 పాటలూ తిరిగొచ్చాయి.

అప్పట్లో ఈ మెనూ గురించి ఎవరు అడిగినా ‘కళ్లు మూసుకుని వాడండి’ అనేదాన్ని. ఇప్పుడు ఆ మాట అట్లాగే అనను. మెనూలో పైభాగం, కిందిభాగం చూడ్డానికి ఒకేలా ఉంటాయి, చేసే పనులు వేరు. పైన ఉన్నవి ‘ఈ బైట్లను ఇలా చదువు’ అని చెప్పడం. వాటితో ఫైలు మారదు, చూపు మారుతుంది. కింద ‘కన్వర్ట్’ అని మొదలయ్యేవి ‘ఇప్పుడు తెరమీద ఉన్నదాన్నే ఇలా రాసెయ్’ అని చెప్పడం. నేను ఒక ఫైల్లో ‘కన్వర్ట్ టు ఆన్సీ’ నొక్కాల్సిన చోట పైన ఉన్న ‘ఆన్సీ’ నొక్కి, ఆ మీద ‘కన్వర్ట్ టు యూటీఎఫ్-8’ కొట్టి సేవ్ చేశాను. ఒక్కో తెలుగు అక్షరానికి మూడు పిచ్చి గుర్తులుండేవి ఆరేడయ్యాయి. పెన్‌డ్రైవ్‌లో అసలు ప్రతి ఉంది కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచీ ఏ ఫైలైనా ముందు కాపీ తీసి, ఆ కాపీ మీదే చేయి వేస్తున్నాను.

ఇంకోటి. ‘ఆన్సీ’ అంటే మీ విండోస్‌లో ఏది పెట్టి ఉంటే అది. మన దగ్గర ఇంగ్లిషు విండోస్‌లో మామూలుగా 1252 ఉంటుంది కాబట్టి ఈ చిట్కా పారింది. రీజియన్ సెట్టింగుల్లో ప్రపంచ భాషలన్నిటికీ యూటీఎఫ్-8 వాడమనే బీటా టిక్కు ఒకటుంది. అది పెట్టుకున్నవాళ్లకు ఆన్సీ కూడా యూటీఎఫ్-8 అయిపోతుంది, ఈ పద్ధతి పనిచేయదు. ముందు ఆ టిక్కు తీసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, అప్పుడు ప్రయత్నించాలి.

అసలు కష్టం మిగతా పాటలతో వచ్చింది. ఇంకో 11 పాటలు పెన్‌డ్రైవ్‌లో లేవు. వాటిని 2010లో మా చిన్నమ్మ కూతురికి మెయిల్లో పంపాం. తను అప్పుడే చెప్పింది, ‘అక్కా, ఏవో గుర్తులు పడుతున్నయ్, అయినా దాచి ఉంచాలే’ అని. దాచింది కూడా. ఆ గుర్తుల్ని అట్లాగే కాపీ చేసి ఒక ఫైల్లో పెట్టుకుంది. తన దగ్గర్నుంచి తెప్పించి అవే రెండు నొక్కుళ్లు నొక్కాను. తెలుగు వచ్చింది, కానీ నిండా చిల్లులు. ప్రతి మాటలో ఎక్కడో ఒకచోట నల్లటి చిన్న పెట్టెలు జంటగా, లోపల తెల్ల అక్షరాల్లో ‘ఎక్స్‌ఈ0’, ‘ఎక్స్‌బీ1’ అని. ‘ఏరువాక’ అన్న మాటలో ర, వా, క మాత్రమే మిగిలాయి. 24 పంక్తుల పాటలో అట్లాంటి చిల్లులు 131. కూర్చుని లెక్కపెట్టాను.

ఎందుకిలా అయిందో తేల్చుకోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. 1252 పట్టికలో 256 గళ్లుంటే వాటిలో ఐదు ఖాళీ: 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ. ఆ గళ్లలో పడ్డ బైటుకు కనిపించే గుర్తేదీ లేదు. కొన్ని ప్రోగ్రాములు వాటిని కంటికి కనపడని గుర్తులుగా మోసుకుపోతాయి, కొన్ని పనికిరానివని పారేస్తాయి. పెన్‌డ్రైవ్ దారిలో అవి నిలిచాయి, మెయిల్ దారిలో రాలిపోయాయి. ఆ ఐదింటి మీదా తెలుగు పడింది. ‘ఏ’ అక్షరానికి మూడో బైటు 8ఎఫ్, ‘ఐ’కి 90, ‘ఝ’కి 9డీ. అవన్నా అరుదుగా వస్తాయి. 81 అంటే కొమ్ము (ముందు బీ0 ఉంటే అరసున్న), 8డీ అంటే పొల్లు! కొమ్ము లేకుండా తెలుగు మాట ముగియదు. యూనికోడ్‌లో, అంటే ఇప్పుడు కంప్యూటర్లన్నీ వాడే అక్షరాల పట్టికలో, ఒత్తు రావాలంటే మధ్యలో పొల్లు ఉండి తీరాలి, అంటే ఒత్తులన్నీ పోయినట్టే. ‘అమ్మ’ అన్న మాట కూడా అ, మ, రెండు నల్ల పెట్టెలు, మళ్లీ మ.

ఇక్కడే నాకు ఈ సాఫ్ట్‌వేర్ మీద గౌరవం ఇంకా పెరిగింది. చాలాచోట్ల ఇట్లా చెడిన బైట్ల బదులు ఒకే ప్రశ్నార్థకం చూపించి ఊరుకుంటారు. ఇది మిగిలిన రెండు బైట్లనూ ఉన్నదున్నట్టు చూపించింది. పెట్టెలో బీ1 కనపడితే అక్కడ పోయింది కొమ్మో పొల్లో, ఆ రెండిట్లో ఒకటి. బీ0 అయితే ఏ, ఐ, ఝ, అరసున్న, ఈ నాలుగింట్లో ఒకటి. ఎన్నో పోయాయి గానీ ప్రతి చిల్లుకీ రెండో నాలుగో జవాబులే. చదవడం వచ్చిన తెలుగు మనిషికి చాలావరకు ఇట్టే తెలిసిపోతుంది. ఒకే హల్లు రెండుసార్లు వచ్చి మధ్యలో చిల్లు పడితే పొల్లు, మాట చివర పడితే కొమ్ము. నూటికి తొంభై అట్లాగే కుదిరాయి.

మిగతా పది కోసం అమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నాను. నాలుగు ఆదివారాలు, పొద్దున కాఫీలయ్యాక. నాట్ల పాటలో ఒకచోట ‘కా’, ‘ల’, చిల్లు, ‘వ’ అని ఉంది. కొమ్ము పెడితే కాలువ, పొల్లు పెడితే కాల్వ. మా వైపు రెండూ అంటారు. రెండూ ఒప్పే. నేను కాలువ అని కొట్టేశాను. అమ్మ ఆపింది.

‘ఉండవే, పాడితేగానీ తెలీదు.’

బల్ల మీద అరచేత్తో మెల్లగా తడుతూ మొదట్నుంచి ఎత్తుకుంది. నాటు వేసేటప్పుడు వంగి మొక్క గుచ్చే తీరు ఆ దెబ్బలో ఉంది. ఆ మాట దగ్గరికి వచ్చి ఆగింది. మళ్లీ వెనక్కి వెళ్లి పాడింది. ‘కాల్వే. కాలువంటే ఒక అడుగు ఎక్కువైతది, చెయ్యి ఆగుద్ది’ అంది. కొమ్ము తీసి పొల్లు పెట్టాను. ‘ఊరుల’ అనాలా ‘ఊర్ల’ అనాలా అన్న చోట కూడా అంతే, పాడి చూసే తేల్చింది. ‘ఏరువాక’ దగ్గర మాత్రం కొమ్మే ఉంచింది. అది సాగదీసి పాడాల్సిన చోటట.

ఇదంతా చదివి ఎవరైనా వాడబోతే, నా పరిస్థితి వేరని కూడా చెప్పాలి. నావి టెక్స్ట్ ఫైళ్లు, నాది విండోస్ కంప్యూటర్. నోట్‌ప్యాడ్++ ఉన్నదే విండోస్‌కు. మొదటిసారి పెట్టినప్పుడు అందులో ఉండే ఫాంటు ఇంగ్లిషు కోడు కోసం ఎంచింది కాబట్టి స్టైల్ సెట్టింగుల్లోకి వెళ్లి నిర్మల యూఐ పెట్టుకుంటే గానీ అమ్మ కళ్లకు ఆనలేదు. పొడుగాటి తెలుగు రాయాలంటే నేను ఇప్పటికీ లిబ్రే ఆఫీసే తెరుస్తాను. ఎక్సెల్ పని ఎక్కువగా ఉన్నవాళ్లకు మాత్రం చిన్న ఉపకారం ఉంది. తెలుగు పేర్లున్న సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన జాబితాను) నేరుగా ఎక్సెల్లో తెరిస్తే ఇదే ° ± వరస కనపడితే, నోట్‌ప్యాడ్++లో ‘కన్వర్ట్ టు యూటీఎఫ్-8-బామ్’ కొట్టి సేవ్ చేయండి. బామ్ అంటే ఫైలు మొదట్లో పెట్టే గుర్తు, అది చూసి ఎక్సెల్ సరిగ్గా చదువుతుంది. మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సు జాబితాకు నెలనెలా అదే చేస్తున్నాను. వర్డ్ ఫైళ్లు, పీడీఎఫ్‌లు మాత్రమే ఉన్నవాళ్లకు దీనితో పెద్దగా పని పడదు.

28, 11 కలిపితే 39. నలభయ్యో పాట ఉయ్యాల పాట. దాని ఫైల్లో అన్నీ ప్రశ్నార్థకాలే. 2019కి ముందు విండోస్‌తో వచ్చే నోట్‌ప్యాడ్ మామూలుగా ఆన్సీగా సేవ్ చేసేది. తెలుగుంటే పోతుందని ఇంగ్లిషులో ఒక హెచ్చరిక వచ్చేది. ఆ రోజు అమ్మ దానికి ఓకే నొక్కింది. అప్పుడు పడ్డ ప్రశ్నార్థకాల వెనక బైట్లేమీ ఉండవు, ఏ మెనూ ఏ ఎన్‌కోడింగూ వాటిని తిరిగి తేలేదు. మిగిలినవి మాటల మధ్య ఖాళీలు, పంక్తుల పొడుగులు.

అయినా ఆ ఫైలు తెరిచి చూపించాను. అమ్మ చాలాసేపు చూసింది. మూడేసి పంక్తులకొకసారి ఒకే పొడుగున్న పంక్తి మళ్లీ మళ్లీ వస్తోంది. దాని మీద వేలు పెట్టి, ‘ఇది పల్లవి’ అంది. పల్లవి గుర్తుంది. మొదటి చరణం గుర్తుంది. రెండోది సగం గుర్తుంది. మూడోది ఊళ్లో పిన్నికి ఫోన్ చేసి అడిగింది. చివరి రెండు చరణాలు ఇద్దరికీ రాలేదు. వచ్చినంతవరకు నేను కొట్టాను. రాని పంక్తుల్లో ఆ ప్రశ్నార్థకాలనే, ఎన్నుంటే అన్ని, అట్లాగే ఉంచమంది.

సేవ్ చేసే ముందు అమ్మ ముందుకు వంగి తెర కింద కుడి మూలన చూసింది. యూటీఎఫ్-8 అని ఉందో లేదో ఇప్పుడు ప్రతిసారీ తనే చూసుకుంటుంది.

‘ఉంది. ఇంక నొక్కు’ అంది.