క్యూఎములో కేవీఎం, టీసీజీ: డెవలపర్‌కు ఏది ఎప్పుడు?

అనంతపురంలో ఇంటి నుంచి పనిచేసే డెవలపర్లూ, జేఎన్‌టీయూలో ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులు చేసే విద్యార్థులూ వర్చువల్ మెషీన్‌కు (ఒక కంప్యూటర్‌లోనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌కు) ఏది మంచిదని అడిగితే నేను చెప్పేది క్యూఎము. 2003లో ఫాబ్రిస్ బెల్లార్డ్ విడుదల చేసిన ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో గెస్ట్ (లోపల నడిచే సిస్టమ్) కోడ్‌ను ప్రాసెసర్ మీద నేరుగా నడిపే హార్డ్‌వేర్ వర్చువలైజేషన్‌కు లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం)లోని కేవీఎంను వాడుకునే వీలు, ఒక ప్రాసెసర్ కోడ్‌ను మరో ప్రాసెసర్ కోడ్‌గా మార్చే బైనరీ ట్రాన్స్‌లేషన్‌కు సొంత టీసీజీ రెండూ ఉన్నాయి. కమాండ్‌లో ఒక్క ఆప్షన్ మారిస్తే ఒకదాని బదులు మరొకటి నడుస్తుంది.

ల్యాప్‌టాప్‌దీ గెస్ట్‌దీ ఒకే ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ రకం) అయితే కేవీఎం వాడాలి, అందులో సందేహం లేదు. ఈ మాట ఒకప్పుడు చెప్పగలిగేది కాదు. పాత ఎక్స్86 పీసీ ప్రాసెసర్లలో గెస్ట్ కెర్నల్ ఇంటరప్ట్‌లను (పరికరాలు ప్రాసెసర్‌కు పంపే పిలుపులను) ఆపడానికి పాప్‌ఎఫ్ ఇన్‌స్ట్రక్షన్ వాడితే, తక్కువ అధికారంతో నడుస్తున్నందువల్ల ప్రాసెసర్ ఆ మార్పును పట్టించుకోకుండా, తప్పు జరిగిందని కూడా చెప్పకుండా ముందుకు సాగిపోయేది. గెస్ట్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన హైపర్‌వైజర్‌కు కబురే అందేది కాదు. అందుకే 1999లో వీఎంవేర్ కంపెనీ గెస్ట్ కెర్నల్ కోడ్‌ను నడుస్తుండగానే తిరగరాసే దారి పట్టింది. 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ ప్రాసెసర్‌లోనే సదుపాయం కల్పించినా, గెస్ట్ పేజీ టేబుల్ (మెమొరీ చిరునామాల పట్టిక) మార్చిన ప్రతిసారీ హైపర్‌వైజర్‌లోకి రావలసి రావడంతో, కొన్ని పనుల్లో పాత పద్ధతే వేగంగా ఉండేది. ఆ చిరునామాల పని ప్రాసెసరే చూసుకునే నెస్టెడ్ పేజింగ్ వచ్చాకే ఆ భారం బాగా తగ్గింది. 2019లో వర్చువల్‌బాక్స్ అనే మరో వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ తన 6.1 వెర్షన్‌లో పాత సాఫ్ట్‌వేర్ పద్ధతిని పూర్తిగా తొలగించింది.

అయినా టీసీజీని నేను వదులుకోను. ఎక్స్86 ల్యాప్‌టాప్ మీద వేరే ఆర్కిటెక్చర్లైన రిస్క్-ఫైవ్ కెర్నల్‌నో, ఆర్మ్ బోర్డు కోడ్‌నో పరీక్షించాలంటే కేవీఎం ఎందుకూ పనికిరాదు. కోడ్‌ను చిన్న చిన్న బ్లాకులుగా మార్చి, మార్చినదాన్ని దాచుకుని మళ్లీ వాడుకుంటుంది కాబట్టి టీసీజీ నిదానంగానైనా పని పూర్తిచేస్తుంది. ఇంకో మేలు, డెవలపర్లు అంతగా గుర్తించనిది, రికార్డ్-రీప్లే: ఎప్పుడో ఒకసారి కనిపించి మాయమయ్యే బగ్‌ను రికార్డ్ చేసుకుంటే, ఇంటరప్ట్‌లతో సహా అదే క్రమంలో ఎన్నిసార్లైనా మళ్లీ నడిపించి చూడవచ్చు. ఇది కేవీఎంలో లేదు. ప్రోగ్రామ్ వేగాన్ని మాత్రం టీసీజీలో కొలవకూడదు, ఆ అంకెలు అసలు హార్డ్‌వేర్‌ను ప్రతిబింబించవు.

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవారు షాపులోనే బయోస్ (ల్యాప్‌టాప్ మొదలయ్యేటప్పటి సెట్టింగ్స్) తెరిపించి, కేవీఎంకు కావలసిన వర్చువలైజేషన్ ఆప్షన్ ఉందో లేదో, ఆన్ అవుతుందో లేదో చూసుకోవాలి. బయోస్‌కు పాస్‌వర్డ్ ఉంటే అది తీయించాకే డబ్బు ఇవ్వండి.